లుక్, సీమ్, ఫీల్, గెట్: ఇంగ్లీషు వర్ణన క్రియలను సహజంగా వాడటానికి సమగ్ర మార్గదర్శి

"ఆమె కోపంగా చూసింది", "ఆమె కోపంగా కనిపించింది" అనే రెండు వాక్యాల్లోనూ 'కోపంగా' అన్న మాట ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది "షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్" అవుతుంది, రెండోది "షి లుక్డ్ యాంగ్రీ" అవుతుంది. తెలుగులో క్రియ మారింది, 'కోపంగా' మారలేదు. ఇంగ్లీషులో 'లుక్డ్' అనే క్రియ మారలేదు, దాని పక్కనున్న మాట మారింది. వర్ణన క్రియల విషయంలో తెలుగువారు చేసే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. అందుకే ఈ మార్గదర్శి ఇంగ్లీషు వ్యాకరణ సూత్రంతో కాకుండా మన 'గా'తో మొదలవుతుంది.

వర్ణన క్రియలంటే కర్త ఏం చేశాడో కాకుండా ఎలా ఉన్నాడో, ఎలా అనిపిస్తున్నాడో, ఎలా మారాడో చెప్పే క్రియలు. పాఠశాల వ్యాకరణంలో వీటిని లింకింగ్ వెర్బ్స్ అంటారు. లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్ అనేవి ఇంద్రియాలకు సంబంధించినవి. సీమ్, అపియర్ అనేవి మనకు కలిగిన అభిప్రాయాన్ని చెప్పేవి. బికమ్, గెట్, గో, టర్న్, గ్రో, ఫాల్ మార్పును చెబుతాయి, స్టే, రిమైన్, కీప్ ఉన్న స్థితి అలాగే కొనసాగడాన్ని చెబుతాయి. అన్నిటికీ తల్లి లాంటిది 'బి' క్రియ, అంటే ఈజ్, యామ్, ఆర్, వాజ్, వర్. ఇవన్నీ కర్తకూ దాని వర్ణనకూ మధ్య వంతెనలా నిలుస్తాయి కాబట్టి వీటి తర్వాత వచ్చే మాట క్రియను కాకుండా కర్తను వర్ణిస్తుంది. ఈ ఒక్క మాట మనసులో నాటుకుంటే మిగిలిన అడుగులు తేలికవుతాయి.

మొదటి అడుగు: తెలుగు వాక్యం చివరి మాటను చూడండి

తెలుగులో 'గా' చేరిన మాట రెండు పనులు చేస్తుంది. "పాప నెమ్మదిగా నడిచింది" అన్నప్పుడు అది నడకను వర్ణిస్తుంది. "గది చల్లగా ఉంది" అన్నప్పుడు గదినే వర్ణిస్తుంది. మనకు రెండింటికీ ఒకే 'గా' సరిపోతుంది, ఇంగ్లీషుకు సరిపోదు. నడకను వర్ణించడానికి అది అడ్వర్బ్‌ను, అంటే క్రియా విశేషణాన్ని కోరుతుంది, గదిని వర్ణించడానికి అడ్జెక్టివ్‌ను, అంటే విశేషణాన్ని కోరుతుంది. 'గా' కనిపించగానే చివర 'లీ' తగిలించాలన్న అలవాటు మనకు చిన్న తరగతుల్లోనే పడిపోతుంది. "ద మ్యూజిక్ సౌండ్స్ స్వీట్లీ", "షి లుక్స్ బ్యూటిఫుల్లీ" లాంటి వాక్యాలు పుట్టేది ఆ అలవాటు నుంచే.

దీనికి పరిష్కారం మన భాషలోనే ఉంది. రాయబోయే వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని దాని చివరి మాటను చూడండి. చివర 'ఉంది', 'ఉన్నాడు', 'కనిపించింది', 'అనిపించింది', 'అయ్యింది' లాంటి మాట ఉంటే ఇంగ్లీషులో అడ్జెక్టివ్ వాడండి. చివర 'చూసింది', 'తాకాడు', 'పాడింది' లాంటి పని ఉంటే అడ్వర్బ్ వాడండి. పాట తియ్యగా ఉంది, కాబట్టి "ద సాంగ్ సౌండ్స్ స్వీట్". ఆమె తియ్యగా పాడింది, కాబట్టి "షి శాంగ్ స్వీట్లీ". ఇంగ్లీషు వైపు నుంచి సరిచూసుకోవడానికి మరో పరీక్ష ఉంది. క్రియను తీసేసి ఆ చోట 'ఈజ్' గానీ 'వాజ్' గానీ పెట్టి చదవండి. "ద సూప్ టేస్ట్స్ గుడ్" అనే వాక్యం "ద సూప్ ఈజ్ గుడ్"గా మారినా అర్థవంతంగానే ఉంటుంది కాబట్టి అక్కడ టేస్ట్ వర్ణన క్రియ. "హి టేస్టెడ్ ద సూప్ కేర్‌ఫుల్లీ" అనే వాక్యంలో 'వాజ్' పెడితే అతడే సూప్ అయిపోతాడు కాబట్టి అక్కడ అది పని.

ఈ తేడాను లెక్క చేయకపోతే అర్థమే మారిపోయే సందర్భాలున్నాయి. "ద డాగ్ స్మెల్స్ బ్యాడ్" అంటే కుక్క దగ్గర దుర్వాసన వస్తోందని అర్థం. "ద డాగ్ స్మెల్స్ బ్యాడ్లీ" అన్నప్పుడు వాక్య నిర్మాణాన్ని బట్టి వచ్చే అర్థం దానికి వాసన పసిగట్టే శక్తి సరిగా లేదని. ఇలాగే "ద డాక్టర్ ఫెల్ట్ ద స్వెల్లింగ్ జెంట్లీ" అన్నప్పుడు వైద్యుడు వాపును మృదువుగా తాకి చూశాడు, "ద డాక్టర్ ఫెల్ట్ టైర్డ్" అన్నప్పుడు ఆయనే అలసిపోయాడు.

ఇక్కడ కొన్ని మాటలు తికమక పెడతాయి. ఫ్రెండ్లీ, లోన్లీ, లవ్లీ అనేవి 'లీ'తో ముగిసినా అడ్జెక్టివ్‌లే, అందువల్ల "హి సీమ్స్ ఫ్రెండ్లీ", "షి లుక్స్ లోన్లీ" పూర్తిగా సరైన వాక్యాలు. 'వెల్' అన్నది ఆరోగ్యాన్ని గురించి చెప్పేటప్పుడు అడ్జెక్టివ్‌గా పనిచేస్తుంది. అందుకే "యు లుక్ వెల్" అంటే ఆరోగ్యంగా కనిపిస్తున్నారని, "యు లుక్ గుడ్" అంటే చూడటానికి చక్కగా ఉన్నారని అర్థం. జబ్బు నుంచి కోలుకున్నవారిని పలకరించేటప్పుడు మొదటిది వాడాలి. అపరాధభావం చెప్పడానికి "ఐ ఫీల్ బ్యాడ్ అబౌట్ ఇట్" అనాలి. 'బ్యాడ్లీ' అనేవారు ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలో కూడా ఉన్నారు, కానీ రాతలో 'బ్యాడ్' నిరభ్యంతరమైనది.

మరో చిక్కు 'విసుగ్గా' లాంటి మాటలది. నాకు విసుగ్గా ఉంది, ఉపన్యాసం విసుగ్గా ఉంది అని మనం ఒకే మాటతో అంటాం. ఇంగ్లీషులో విసుగు అనుభవించేవారికి 'బోర్డ్', విసుగు పుట్టించేదానికి 'బోరింగ్'. "ఐ ఫీల్ బోరింగ్" అని ఎవరైనా రాస్తే తాను ఇతరులకు విసుగు పుట్టించే మనిషినని చెప్పుకున్నట్టవుతుంది. టైర్డ్, టైరింగ్, కన్‌ఫ్యూజ్డ్, కన్‌ఫ్యూజింగ్, ఎక్సైటెడ్, ఎక్సైటింగ్ అన్నిటికీ ఇదే పద్ధతి. ఫీల్‌కు కర్త మనిషి అయితే ఈ జతల్లో దాదాపు ఎప్పుడూ 'బోర్డ్' లాంటి రూపమే కావాలి.

రెండో అడుగు: 'నాకు' కాకుండా కర్త ఎవరో వెతకండి

తెలుగులో అనుభూతి మనకు కలుగుతుంది. నాకు చలిగా ఉంది, నాకు భయంగా ఉంది, నాకు దిగులుగా ఉంది అంటాం, ఆ వాక్యాల్లో 'నేను' ఎక్కడా కర్తగా నిలబడడు. ఇంగ్లీషులో అనుభవించే మనిషే కర్త అవుతాడు: "ఐ ఫీల్ కోల్డ్", "ఐ ఫీల్ స్కేర్డ్", "ఐ ఫీల్ లో". చలి, భయం, అలసట అనే నామవాచకాలను నేరుగా అనువదించి "ఐ యామ్ ఫీలింగ్ టైర్డ్‌నెస్" అని రాయడం వ్యాకరణరీత్యా నిలబడినా చెవికి పరాయిగా ఉంటుంది. అనుభూతికి నామవాచకం కంటే అడ్జెక్టివ్ వాడటమే ఇంగ్లీషులో సహజం.

వస్తువుల విషయంలో దీనికి వ్యతిరేక దిశలో ఆలోచించాలి. "ఈ గుడ్డ ముట్టుకుంటే మెత్తగా ఉంది" అనే వాక్యంలో ముట్టుకునే మనిషి కనిపించకుండా ఉన్నాడు. ఇంగ్లీషు ఆ మనిషిని పూర్తిగా వదిలేసి, "దిస్ క్లాత్ ఫీల్స్ సాఫ్ట్" అంటూ గుడ్డనే ఫీల్ అనే క్రియకు కర్తగా కూర్చోబెడుతుంది. గుడ్డకు స్పర్శజ్ఞానం ఉంటుందా అన్న సందేహంతో "దిస్ క్లాత్ ఈజ్ ఫెల్ట్ సాఫ్ట్" అని కర్మణి రూపంలోకి మార్చేవారున్నారు, అది తప్పు. పువ్వు, పాట, గొంతు, పరుపు, నీళ్లు, ఆలోచన అన్నీ ఈ క్రియలకు నేరుగా కర్తలు కాగలవు: "ద వాటర్ ఫీల్స్ వార్మ్", "యువర్ ప్లాన్ సౌండ్స్ సెన్సిబుల్". ప్లాన్ చెవికి వినిపించేది కాకపోయినా, ఎవరైనా చెప్పగా విన్నది కాబట్టి దానికి సౌండ్ వాడతారు. "హౌ డజ్ దట్ సౌండ్?" అని అడిగితే ఈ ప్రతిపాదన మీకు సమ్మతమేనా అని అడిగినట్టు.

"నాకు అలా అనిపిస్తోంది" అన్నదాన్ని మాత్రం ప్రతిసారీ "ఇట్ సీమ్స్ టు మీ" అని మార్చకండి. మనం మాట మాటకీ 'అనిపిస్తోంది' వాడతాం, ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా చేసేది "ఐ థింక్". "ఇట్ సీమ్స్ టు మీ దట్" అన్నప్పుడు కొంత ఆలోచించి, సాక్ష్యాలను తూచి చెబుతున్న బరువు వస్తుంది. అది అవసరమైన చోటికి దాచుకోవడం మంచిది.

మూడో అడుగు: లైక్ ఎప్పుడు కావాలో తేల్చుకోండి

"ఆమె అలసిపోయినట్టు కనిపిస్తోంది" అనే వాక్యంలోని 'నట్టు' మన చేత "షి లుక్స్ లైక్ టైర్డ్" అనిపిస్తుంది. ఇక్కడ లైక్ అక్కర్లేదు. వర్ణన క్రియ తర్వాత ఒంటరి అడ్జెక్టివ్ వస్తే మధ్యలో ఏ మాటా రాదు: "షి లుక్స్ టైర్డ్". నామవాచకం వస్తే లైక్ కావాలి: "షి లుక్స్ లైక్ హర్ మదర్", "దట్ సౌండ్స్ లైక్ ఎ గుడ్ ఐడియా". తర్వాత ఒక పూర్తి వాక్యమే వస్తే రాతలో 'యాజ్ ఇఫ్' లేదా 'యాజ్ దో' కావాలి: "షి లుక్స్ యాజ్ ఇఫ్ షి హాజ్ నాట్ స్లెప్ట్". మాటల్లో ఈ చోట కూడా లైక్ విరివిగా వినిపిస్తుంది, స్నేహితులతో మాట్లాడేటప్పుడు దాన్ని తప్పుగా భావించనక్కర్లేదు. అధికారిక లేఖలోనో పరీక్షలోనో మాత్రం యాజ్ ఇఫ్ వాడటమే క్షేమం.

గుర్తుంచుకోవడానికి తెలుగులోనే ఒక దారి ఉంది. మన వాక్యంలో 'లా' ఉంటే, అంటే అమ్మలా, చిన్నపిల్లలా, కలలా అన్నప్పుడు, ఇంగ్లీషులో లైక్ వస్తుంది. 'గా' ఉంటే ఏదీ రాదు. 'నట్టు' ఉన్నప్పుడు మాత్రం ఆగి ఆలోచించాలి: ఆ భావాన్ని ఒక్క అడ్జెక్టివ్ మోయగలిగితే ఒంటరిగా పెట్టాలి, మోయలేకపోతే యాజ్ ఇఫ్ పెట్టి వాక్యం రాయాలి. సీమ్ విషయంలో ఒక ప్రాంతీయ భేదం కూడా ఉంది. బ్రిటిష్ ఇంగ్లీషులో "హి సీమ్స్ ఎ నైస్ మ్యాన్" అని లైక్ లేకుండా వినిపిస్తుంది, అమెరికన్ ఇంగ్లీషులో "హి సీమ్స్ లైక్ ఎ నైస్ మ్యాన్" అనే అంటారు. "హి సీమ్స్ టు బి ఎ నైస్ మ్యాన్" అన్నది రెండుచోట్లా చెల్లుతుంది కాబట్టి నేర్చుకునేవారికి అదే నా సిఫారసు.

స్మెల్, టేస్ట్ అనే రెండింటికీ లైక్‌తో పాటు 'ఆఫ్' కూడా వస్తుంది. "ద రూమ్ స్మెల్స్ ఆఫ్ స్మోక్" అన్నప్పుడు గదిలో నిజంగా పొగ వాసన పట్టి ఉంది. "ఇట్ స్మెల్స్ లైక్ స్మోక్" అన్నప్పుడు ఆ వాసన పొగను పోలి ఉంది, అది పొగే కావచ్చు, కాకపోవచ్చు. స్మెల్ తర్వాత ఏమీ లేకుండా "దీజ్ షూజ్ స్మెల్" అని ఆపేస్తే అది దుర్వాసనే అవుతుంది. తెలుగులో "వాసన వస్తోంది" అని ముఖం చిట్లించి అనడం లాంటిదే ఇది. ఇక "ఐ ఫీల్ లైక్ క్రయింగ్" అన్నది వర్ణన కాదు, ఏడవాలనిపిస్తోందన్న కోరిక. ఫీల్ లైక్ తర్వాత 'ఇంగ్' రూపం వస్తే దాన్ని ఎప్పుడూ కోరికగానే చదువుకోవాలి.

నాలుగో అడుగు: 'తోంది'ని నమ్మి 'ఇంగ్' తగిలించకండి

వాసన వస్తోంది, అనిపిస్తోంది, కనిపిస్తోంది, వినిపిస్తోంది. మన వర్ణన క్రియలన్నీ జరుగుతున్న పనిలాగే మాట్లాడతాయి. వాటిని చూసి "ద మిల్క్ ఈజ్ స్మెల్లింగ్ సవర్", "హి ఈజ్ సీమింగ్ వరీడ్" అని రాయడం సులువు, సహజంగా మాత్రం ఉండదు. స్థితిని చెప్పే వాక్యంలో మామూలు వర్తమానం కావాలి: "ద మిల్క్ స్మెల్స్ సవర్", "హి సీమ్స్ వరీడ్". సీమ్‌కు ఇంగ్ రూపం వాడుకలో దాదాపు లేదు.

లుక్, ఫీల్ మాత్రం కొంత స్వేచ్ఛనిస్తాయి. ఈ రోజుకే పరిమితమైన స్థితిని చెప్పేటప్పుడు "యు ఆర్ లుకింగ్ వెల్", "ఐ యామ్ ఫీలింగ్ బెటర్ నౌ" అని కూడా అనవచ్చు, వాటికీ "యు లుక్ వెల్", "ఐ ఫీల్ బెటర్ నౌ" అన్నవాటికీ తేడా అతి స్వల్పం. టేస్ట్, స్మెల్ క్రియలు పనిగా మారినప్పుడు ఇంగ్ నిరాటంకంగా వస్తుంది: "షి ఈజ్ టేస్టింగ్ ద సూప్" అంటే ఆమె ఇప్పుడు రుచి చూస్తోంది. మార్పును చెప్పే క్రియల తీరు దీనికి పూర్తిగా భిన్నం. మార్పు కాలంలో జరిగేది కాబట్టి అక్కడ ఇంగ్ ఎంతో సహజంగా ఒదుగుతుంది: "ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్", "ద లీవ్స్ ఆర్ టర్నింగ్ ఎల్లో".

ఇదే చోట మరో రెండు పొరపాట్లను చూసుకోవాలి. ఒకటి, వంతెన మీద మరో వంతెన వేయడం: "షి ఈజ్ లుక్స్ టైర్డ్". లుక్స్ ఉన్న చోట ఈజ్‌కు పని లేదు. రెండోది ప్రశ్నల్లో, వ్యతిరేక వాక్యాల్లో వస్తుంది. ఇవి 'బి' క్రియకు చుట్టాలే అయినా ప్రశ్న వేసేటప్పుడు మామూలు క్రియల్లా డూ, డజ్, డిడ్ సాయం తీసుకుంటాయి: "డజ్ ఇట్ స్మెల్ బ్యాడ్?", "యు డోంట్ లుక్ హ్యాపీ".

ఐదో అడుగు: సాక్ష్యాన్ని బట్టి క్రియను ఎంచుకోండి

లుక్, సౌండ్, సీమ్, అపియర్ అన్నిటినీ తెలుగులో 'ఉన్నట్టుంది' అనే ఒక్క మాటతో దాటేయగలం. ఇంగ్లీషు వినేవారికి మాత్రం ఏ క్రియ వాడారన్నదాన్ని బట్టి మీకు ఆ సంగతి ఎలా తెలిసిందో కూడా అర్థమవుతుంది. ఒక స్నేహితురాలు ఫోన్ చేసిందనుకోండి. గొంతు నీరసంగా ఉంది, మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది. అప్పుడు మీరు "యు సౌండ్ టైర్డ్" అనాలి. ఆమె ముఖం మీకు కనబడటం లేదు కాబట్టి "యు లుక్ టైర్డ్" అనడం పొసగదు. సాయంత్రం ఆమె తలుపు తట్టింది, కళ్ల కింద నల్లటి చారలున్నాయి. ఇప్పుడు "యు లుక్ టైర్డ్" సరైన మాట. లోపలికి వచ్చి కూర్చుంది, అడిగినదానికి ముక్తసరిగా జవాబిస్తోంది, టీ కప్పు చేతిలో పట్టుకుని తాగడం మరచిపోయింది. ఆమె వెళ్లిపోయాక ఇంట్లోవాళ్లతో "షి సీమ్డ్ అన్‌హ్యాపీ" అంటారు. ముఖం, గొంతు, తీరు అన్నీ కలిపి మీరు ఒక అభిప్రాయానికి వచ్చారు, ఆ అభిప్రాయానికి సరిపడే క్రియ సీమ్. ఇదే సంగతిని వైద్యుడు తన నివేదికలో రాయాల్సి వస్తే "ద పేషెంట్ అపియర్డ్ టైర్డ్" అని రాస్తాడు. అపియర్ లాటిన్ మూలం నుంచి ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట, అలా వచ్చిన చాలా మాటల్లాగే అధికారిక రాతలో ఎక్కువగా కనిపిస్తుంది, ఇంట్లో మాటల్లో తక్కువ.

సీమ్ చుట్టూ ఉన్న నిర్మాణాలు కొన్ని విడిగా నేర్చుకోదగినవి. జరిగిపోయినదాని గురించి అనుమానం చెప్పడానికి "ఐ సీమ్ టు హావ్ లాస్ట్ మై కీస్" అంటారు, తాళాలు ఎక్కడో పోగొట్టుకున్నట్టున్నానని దాని భావం. ఎంత ప్రయత్నించినా కాని పనికి "ఐ కాంట్ సీమ్ టు రిమెంబర్ హిజ్ నేమ్" అంటారు. ఇది పుస్తకాల్లో తక్కువగా కనిపించినా మాటల్లో తరచూ వినబడుతుంది. ఒక లోపాన్ని మర్యాదగా ఎత్తిచూపడానికి "దేర్ సీమ్స్ టు బి ఎ మిస్టేక్ ఇన్ ద బిల్" అనడం ఎంతో ఉపయోగకరం. "దేర్ ఈజ్ ఎ మిస్టేక్" అన్నప్పుడు ఎదుటివారిని నిలదీసినట్టుంటుంది, సీమ్స్ చేర్చగానే తప్పు దిద్దుకోవడానికి వారికి చోటు దొరుకుతుంది. తప్పులు ఒకటి కంటే ఎక్కువైతే సీమ్స్ కాదు, సీమ్: "దేర్ సీమ్ టు బి టూ మిస్టేక్స్".

ఆరో అడుగు: మార్పును చెప్పే క్రియలను జతలుగా నేర్చుకోండి

నా ఉద్దేశంలో ఈ మొత్తం విషయంలో ఎక్కువ సమయం కేటాయించాల్సిన భాగం ఇదే, ఎందుకంటే ఇక్కడ సూత్రం సగం దూరమే తీసుకెళుతుంది, మిగతా సగం వాడుక మీద ఆధారపడి ఉంటుంది. ఇది మనకు కొత్త కాదు. తెలుగులో జబ్బుపడతాం, వేడెక్కుతుంది, చల్లారుతుంది, తడిసిపోతుంది. 'వేడిపడింది' అని ఎవరూ అనరు, ఎందుకు అనకూడదో సూత్రం చెప్పమంటే చెప్పలేం. ఏ మాటకు ఏ క్రియ జతో చెవికి తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే. మన 'జబ్బుపడు' అచ్చంగా వారి 'ఫాల్ ఇల్' లాగే కుదిరింది. కానీ మనకు చీకటి పడుతుంది, వారికి 'గెట్స్ డార్క్' అవుతుంది. మనం నిద్రపోతాం, వారు 'ఫాల్ అస్లీప్' అవుతారు.

గెట్ అన్నది మాటల్లో అన్నిటికంటే విరివిగా వాడే క్రియ. టైర్డ్, వెట్, కోల్డ్, యాంగ్రీ, హంగ్రీ, ఓల్డ్ అన్నీ దాని పక్కన చేరతాయి. బికమ్ దాని స్థానంలో రాతలో వస్తుంది, కొంచెం గంభీరంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య మరచిపోకూడని తేడా ఒకటుంది: వృత్తి, హోదా లాంటి నామవాచకానికి బికమ్ మాత్రమే పనికొస్తుంది. "షి బికేమ్ ఎ డాక్టర్" అంటే ఆమె వైద్యురాలైంది. "షి గాట్ ఎ డాక్టర్" అంటే ఆమె వైద్యుణ్ణి పిలుచుకొచ్చింది. గ్రో నెమ్మదిగా, క్రమేపీ వచ్చే మార్పుకు చెందినది, కథల్లో ఎక్కువగా కనిపిస్తుంది: "హి గ్రూ ఇంపేషెంట్", "ద డేస్ గ్రూ షార్టర్".

గో ఎక్కువగా చెడు వైపు వెళ్లే మార్పులను చెబుతుంది. ఆహారం పాడైతే 'గోస్ బ్యాడ్', రొట్టె ఎండి రుచి పోతే 'గోస్ స్టేల్', చూపు పోతే 'గో బ్లైండ్', జుట్టు రాలిపోతే 'గో బాల్డ్', లెక్క తప్పితే 'గో రాంగ్', సంస్థ దివాలా తీస్తే 'గో బ్యాంక్‌రప్ట్'. అయితే చెడు మార్పులన్నిటికీ గో వాడేయకూడదు. ఓల్డ్, టైర్డ్, ఇల్ అనే మాటల ముందు గో రాదు. టర్న్ రంగులకూ వయసుకూ ప్రత్యేకం: "హిజ్ ఫేస్ టర్న్డ్ రెడ్", "షి టర్న్డ్ ఫార్టీ". పాలు విరిగినప్పుడు 'టర్న్డ్ సవర్', 'వెంట్ సవర్' రెండూ వినిపిస్తాయి. కమ్ ఎక్కువగా కల నెరవేరడానికి, కట్టు ఊడిపోవడానికి వస్తుంది: "హర్ డ్రీమ్ కేమ్ ట్రూ", "ద నాట్ కేమ్ లూజ్". ఫాల్ వెంట అస్లీప్, ఇల్, సైలెంట్ అనే కొద్ది మాటలే వస్తాయి. వీటిలో అస్లీప్ లాంటివి క్రియ తర్వాత మాత్రమే నిలుస్తాయని గుర్తుంచుకోవాలి. "ద చైల్డ్ ఈజ్ అస్లీప్" సరైనది, "యాన్ అస్లీప్ చైల్డ్" తప్పు, ఆ చోట 'స్లీపింగ్' రావాలి. అవేక్, అలైవ్, అఫ్రెయిడ్ కూడా ఇదే కోవలోవి. మార్పు లేకుండా నిలిచి ఉండటానికి మాటల్లో స్టే, కీప్ వస్తాయి, రాతలో రిమైన్ వస్తుంది: "స్టే అవేక్", "కీప్ కామ్", "ద గేట్ రిమైన్డ్ క్లోజ్డ్".

నేర్చుకునే పద్ధతి ఏమిటంటే, నోటు పుస్తకంలో గో అని ఒక్క క్రియను రాసి అర్థం రాసుకోకూడదు. 'గో బ్యాడ్, పాడవు', 'ఫాల్ సైలెంట్, మౌనం దాల్చు' అని జంటగా రాసుకోవాలి. చదువుతున్న కథలోనో వార్తలోనో కొత్త జంట కనిపించినప్పుడు ఆ పూర్తి వాక్యాన్నే ఎత్తి రాసుకుంటే అది మరింత గట్టిగా నిలుస్తుంది.

ఏడో అడుగు: ఎలా ఉంది, ఎలా ఉంటుంది

"మీ కొత్త టీచర్ ఎలా ఉన్నారు?" అన్న ప్రశ్నకు తెలుగులో ఆరోగ్యం గురించీ చెప్పవచ్చు, స్వభావం గురించీ చెప్పవచ్చు. ఇంగ్లీషు వీటిని మూడు ప్రశ్నలుగా విడదీస్తుంది. "హౌ ఈజ్ షి?" అని అడిగితే ఆరోగ్యమో, ప్రస్తుత పరిస్థితో చెప్పాలి. "వాట్ ఈజ్ షి లైక్?" అని అడిగితే స్వభావం చెప్పాలి. "వాట్ డజ్ షి లుక్ లైక్?" అని అడిగితే రూపం చెప్పాలి. మన 'ఎలా ఉంది', 'ఎలాంటి మనిషి', 'చూడటానికి ఎలా ఉంటుంది' అనే మూడు ప్రశ్నలను వాటి పక్కన పెట్టుకుంటే తికమక పోతుంది. తరచూ వచ్చే పొరపాటు "హౌ డజ్ షి లుక్ లైక్?" అనడం. లైక్ ఉంటే వాట్ రావాలి, హౌ రావాలంటే లైక్ పోవాలి.

ఎనిమిదో అడుగు: స్థలాన్ని వర్ణించేటప్పుడు 'ఉంది'ని దాటి వెళ్లండి

ఇల్లు, కొండ, దారి, నది అన్నిటికీ తెలుగులో 'ఉంది' చాలు. ఇంగ్లీషులోనూ 'ఈజ్' తప్పు కాదు, కానీ మంచి వర్ణనలో ఒక్కో ఆకారానికి ఒక్కో క్రియ ఉంటుంది. నిటారుగా ఉన్నది స్టాండ్ అవుతుంది, పరుచుకుని ఉన్నది లై అవుతుంది, పొడవుగా సాగినది రన్ అవుతుంది. "ద హౌస్ స్టాండ్స్ ఆన్ ఎ హిల్", "ద విలేజ్ లైజ్ ఇన్ ఎ వ్యాలీ", "ద రోడ్ రన్స్ అలాంగ్ ద రివర్". ఇవి శాశ్వత స్థితులు కాబట్టి మామూలు వర్తమానమే వాడాలి. మనిషి కాసేపు నిలబడ్డప్పుడు మాత్రమే "హి ఈజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్" వస్తుంది.

తొమ్మిదో అడుగు: రాసినదాన్ని తిరగరాయండి

పై అడుగులన్నీ ఒకే చోట పనిచేయడం చూడాలంటే ఒక చిన్న పేరాను రెండుసార్లు రాసి చూడటం కంటే మంచి మార్గం లేదు. మొదటిసారి అందరికీ ఇలాగే వస్తుంది: "ద హౌస్ వాజ్ ఎట్ ద ఎండ్ ఆఫ్ ఎ లేన్. ఇన్‌సైడ్, ద ఎయిర్ వాజ్ కోల్డ్ అండ్ దేర్ వాజ్ ఎ డ్యాంప్ స్మెల్. ద ఓల్డ్ ఉమన్ వాజ్ ఇన్ గుడ్ హెల్త్ బట్ హర్ వాయిస్ వాజ్ వీక్. వెన్ వి ఆస్క్డ్ అబౌట్ హర్ సన్, షి వాజ్ సైలెంట్. ఇట్ వాజ్ లేట్, సో వి లెఫ్ట్." ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. కానీ చదివేవారికి ఆ ఇంట్లోకి అడుగుపెట్టిన అనుభవం కలగదు, ప్రతి వాక్యమూ ఒకే ఎత్తులో ఉంటుంది.

ఇప్పుడు ఒక్కో 'వాజ్' దగ్గర ఆగి, ఈ సంగతి నాకు ఏ ఇంద్రియం ద్వారా తెలిసింది, ఇది స్థితా లేక మార్పా అని ప్రశ్నించుకుంటూ మార్చండి: "ద హౌస్ స్టుడ్ ఎట్ ద ఎండ్ ఆఫ్ ఎ లేన్. ఇన్‌సైడ్, ద ఎయిర్ ఫెల్ట్ కోల్డ్ అండ్ స్మెల్ట్ ఆఫ్ డ్యాంప్. ద ఓల్డ్ ఉమన్ లుక్డ్ వెల్, బట్ హర్ వాయిస్ సౌండెడ్ వీక్. వెన్ వి ఆస్క్డ్ అబౌట్ హర్ సన్, షి ఫెల్ సైలెంట్. ఇట్ వాజ్ లేట్, సో వి లెఫ్ట్." ఇల్లు నిటారుగా నిలిచింది, గాలి చర్మానికి తగిలింది, చెమ్మ ముక్కుకు సోకింది, గొంతు చెవికి వినబడింది. 'వాజ్ సైలెంట్' అన్నచోట 'ఫెల్ సైలెంట్' రాగానే అంతవరకూ మాట్లాడుతున్న మనిషి ఆ ప్రశ్నతో మౌనంలోకి జారిపోయిందన్న సంగతి ఒక్క మాటలో తెలిసింది. చివరి వాక్యంలోని 'వాజ్'ను మాత్రం కదపలేదు. పొద్దుపోయిందన్నది ఇంద్రియానికి తగిలిన అనుభూతి కాదు, ఉన్న విషయం. అక్కడ 'ఇట్ సీమ్డ్ లేట్' అని రాస్తే పొద్దుపోయిందో లేదో రాసినవారికే నమ్మకం లేనట్టవుతుంది.

ఇలాంటి పేరాను వారానికి ఒకటి ఎంచుకోండి. గది, మనిషి, ప్రయాణం, వాతావరణం ఏదైనా సరే, ముందు వాజ్‌లతోనే రాసి, మర్నాడు తీసి ఒక్కో వాజ్ కింద గీత గీసి, దాన్ని ఉంచాలా మార్చాలా అన్న కారణాన్ని పక్కనే తెలుగులో ఒక్క ముక్కలో రాయండి. మార్చిన తర్వాత పైకి చదివి, క్రియ పక్కన 'లీ' ఏదైనా దూరిందేమో, అడ్జెక్టివ్ ముందు అనవసరమైన లైక్ ఉందేమో, స్థితి దగ్గర ఇంగ్ వచ్చిందేమో, ఈ మూడింటినీ అదే వరుసలో సరిచూసుకోండి.